బల్బు మార్చారు సరే, కన్ను చూపించారా?



ఈ నెల దీపం గురించి రాస్తున్నాను. గుళ్ళో దీపం కాదు, మనింట్లో గోడకి ఉండే బల్బు గురించి. దానికేటి రాస్తాడు ఈ ముసలాడు అనుకోకండి. మా ఇంట్లో ఒకసారి, మా అన్నయ్య ఇంట్లో ఒకసారి ఈ బల్బు దగ్గరే మేము పొరపాటు పడ్డాం. మా ఇంటి పొరపాటు చిన్నది. అన్నయ్య ఇంటిది దిద్దుకోలేనిది. రెండూ చెప్తాను.

ముందు మా ఇంటిది. మా ఆవిడ చీరలకి ఫాల్సు కుడుతుంది, జాకెట్లకి హుక్కులు కుడుతుంది. ఆ డబ్బులతోనే మా ఇంట్లో పాలు, కూరలు వస్తాయి. పోయిన నెల ఒక రాత్రి సూదిలో దారం ఎక్కించడానికి కూర్చుంది. పది నిమిషాలైనా ఎక్కలేదు. సూది నా చేతిలో పెట్టేసి, "నా కళ్ళు పోయాయండి. ఇంక ఈ పని నావల్ల కాదు, రేపు టైలరు చీరలు తిరిగి ఇచ్చీండి" అంది. నేను ప్రయత్నం చేశాను. నాకూ ఎక్కలేదు.

మర్నాడు ఉదయం పది గంటలకి ఆవిడ వీధరుగు మీద కూర్చుంది. అదే సూది, అదే దారం. రెండోసారికే ఎక్కించేసింది. రాత్రికి రాత్రి కళ్ళు బాగుపడిపోతాయా? కళ్ళు అవే, మారింది వెలుగు. అప్పుడు నాకు సిగ్గేసింది. ముప్ఫై ఏళ్ళు మిల్లులో ట్యూబులైట్ల కింద పోగులు అతికినవాణ్ణి, ఇంట్లో లైటు ఎక్కడుందో ఒక్కరోజూ తలెత్తి చూడలేదు.

మా నాన్నకి ఈ సంగతి తెలుసు. ఆయన చదువుకోలేదు గానీ వెలుగు తెలిసిన మనిషి. మన బరంపురం పట్టు నేసే ఇళ్ళు మీరు చూసే ఉంటారు. గుంట మగ్గం ఎప్పుడూ కిటికీ పక్కన, లేకపోతే గుమ్మం పక్కన ఉంటుంది. పక్కనుంచి వచ్చే వెలుగు పడుగు మీద పడాలి, నేసేవాడి కళ్ళలో పడకూడదు. ఫొడా కుంభ అంచు నేసేటప్పుడు ఒక్క పోగు తప్పితే అంచు మొత్తం వంకర కనిపిస్తుంది. అందుకని అంచు పనంతా పొద్దున్నే. పొద్దు వాలితే నాడె పక్కన పెట్టేసేవాడు. "చీకట్లో నేసింది పొద్దున్న విప్పుకోవాలిరా" అనేవాడు. సాయంత్రం లాంతరు కింద కండెలు చుట్టడమే. ఆ లాంతరు చిమ్నీ రోజూ బూడిద పెట్టి తుడవడం నా పని. తుడవనినాడు ఇల్లంతా మసగ్గా ఉండేది, దెబ్బలు నాకు పడేవి.

తరవాత నేను స్పిన్నింగు మిల్లులో చేరాను. రింగు ఫ్రేము మీద సైడరు పని. అక్కడ వెలుగంటే ఏటో ఇంకో రకంగా తెలిసింది. తెల్ల పోగు, తెల్ల బాబిను, గాలంతా తెల్ల నూగు. తెగిన పోగు కనబడాలంటే దాని వెనకాల నల్లగా ఏదో ఉండాలి. మా ముసలి జాబరు ఒకాయన జేబులో చిన్న నల్ల గుడ్డ పెట్టుకునేవాడు. పోగు వెనక అది పట్టి చూసేవాడు. ఆ కిటుకు ఇప్పుడు మా ఆవిడకి చెప్పాను. తెల్ల దారమైతే సూది వెనక నల్ల గుడ్డ, నల్ల దారమైతే తెల్ల కాయితం. మీరూ చేసి చూడండి, పైసా ఖర్చు లేదు.

మిల్లులో ఇంకో సంగతి. పాత రకం చోకు ఉన్న ట్యూబులైటు నిలకడగా వెలిగినట్టు కనిపిస్తుంది గానీ, మన కరెంటుకి అది సెకనుకి 100 సార్లు హెచ్చుతగ్గులవుతూ ఉంటుంది. కన్ను దాన్ని పట్టుకోలేదు. ఆ వెలుగులో గిర్రున తిరిగే చక్రం ఒక్కోసారి ఆగిపోయినట్టు కనిపిస్తుంది. ఆగిందనుకుని చెయ్యి పెడితే ఆ చెయ్యి మనది కాదు. అందుకే తెలిసిన ఎలక్ట్రీషియన్లు వరసలో ట్యూబులని మూడు ఫేజులకీ పంచి కలిపేవాళ్ళు. ఒకటి తగ్గే క్షణంలో పక్కది వెలుగుతుంది. ఇంగ్లండులో ఒక ఆఫీసులో పాత చోకులు తీసి ఎలక్ట్రానిక్ చోకులు పెట్టి చూస్తే పనివాళ్ళ తలనొప్పులు, కంటి అలసట సగం పైగా తగ్గాయట. 1989లో ఆ లెక్క అచ్చయింది. మనం ఆ రోజుల్లో తలనొప్పి వస్తే మాత్ర వేసుకుని మళ్ళీ ఫ్రేము దగ్గరికి వెళ్ళిపోయాం. పైన లైటుని ఎవడు అనుమానించాడు?

వెలుగు అనేది యజమాని దయ కాదు. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 17వ సెక్షన్‌లోనే రాశారు. పని జరిగే ప్రతి చోటా, మనుషులు నడిచే ప్రతి చోటా చాలినంత వెలుగు ఉండాలి. కిటికీ అద్దాలు లోపలా బయటా శుభ్రంగా ఉంచాలి. కళ్ళలోకి కొట్టే వెలుగు గానీ, కన్ను అలిసేటట్టు నీడలు గానీ ఉండకూడదు. మన బరంపురంలోనే పుట్టిన వి.వి. గిరి గారు కేంద్రంలో కార్మిక మంత్రి కాకముందే వచ్చిన చట్టం అది. మేము యూనియన్లో నిలబడి మాడిపోయిన ట్యూబులు మార్పించుకున్న రోజులున్నాయి. మిల్లులో అంత కొట్లాడిన మనం ఇంట్లో మటుకు ఒక గదికి ఒక బల్బు, అదీ వైరు ఎంతవరకు వస్తే అక్కడ.

ఆ ఆదివారం మా ఇల్లు నేనే తనిఖీ చేశాను. ఏం కనబడిందో చెప్తాను, మీ ఇంట్లో కూడా ఇవే ఉంటాయి.

మా బల్బు గుమ్మం పైన ఉంది. ఆవిడ కూర్చునేది ఎదురు గోడ దగ్గర, బల్బుకి వీపు పెట్టి. ఆవిడ నీడే కుట్టుపని మీద పడుతోంది. ఇంకో గదిలో ట్యూబులైటు ఫానుకి పైన ఉంది. ఫాను తిరుగుతుంటే రెక్కల నీడ గదంతా కొట్టుకుంటోంది. మా మనవరాలు చదువుకునేది ఆ గదిలోనే. "తాతా, పుస్తకం ఊగుతున్నట్టు ఉంటుంది" అని అది ఎన్నోసార్లు అంది, మేము వినలేదు. గోడలకి ముదురు నీలం రంగు, మురికి కనబడదని మేమే వేయించాం. ముదురు గోడ వెలుగుని మింగేస్తుంది. సున్నం గోడ తిరిగి ఇస్తుంది. ఫైలిన్ తుఫాను గుర్తుందా? 2013 అక్టోబరు 12న గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది. కరెంటు లేని ఆ రాత్రులు మా ఆవిడ కొవ్వొత్తి వెనక స్టీలు పళ్ళెం నిలబెట్టి బియ్యంలో రాళ్ళు ఏరింది. ఒక్క కొవ్వొత్తి వెలుగు బాగా పెరిగింది. తెల్ల గోడ చేసేది కూడా అలాంటి పనే.

ట్యూబు మీద ఎన్నాళ్ళ దుమ్మో ఉంది. స్విచ్చి ఆపి, చల్లారాక పొడిగుడ్డతో తుడిస్తే గుడ్డ నల్లబడింది. చిమ్నీ తుడవని నాడు మా నాన్న చేతి దెబ్బలు గుర్తొచ్చాయి.

ఇప్పుడు లెక్క ఒకటి. బల్బు దగ్గరికి వస్తే వెలుగు ఎంత పెరుగుతుంది? ఎనిమిది అడుగుల దూరంలో ఉన్న బల్బుని నాలుగు అడుగులకి దించితే వెలుగు రెట్టింపు కాదు, నాలుగింతలవుతుంది. అందుకని పెద్ద బల్బు కొనేకంటే చిన్న బల్బు పని దగ్గరికి తేవడం నయం. మేము ఎలక్ట్రీషియన్ని పిలిచి ఆవిడ కూర్చునే చోట ఎడమ పక్క, భుజానికి కొంచెం పైన ఒక హోల్డరు పెట్టించాం. బల్బు మీద టోపీలాగ షేడు ఉంది. వెలుగు గుడ్డ మీద పడుతుంది, కళ్ళలోకి కొట్టదు. కుడిచేతి వాటం వాళ్ళకి ఎడమ పక్క నుంచి, ఎడమచేతి వాటం వాళ్ళకి కుడి పక్క నుంచి వెలుగు రావాలి. అప్పుడు చేతి నీడ పని మీద పడదు. అలాగని గదంతా చీకటి చేసి ఆ ఒక్క బల్బే వెయ్యకండి. వెలుగు నుంచి చీకట్లోకి, చీకటి నుంచి వెలుగులోకి చూసి చూసి కన్ను అలిసిపోతుంది. గదిలో మామూలు లైటు కూడా ఉండాలి. వైర్లు మాత్రం మీరే అతకొద్దు, తెలిసినవాడి చేత చేయించండి.

బల్బు కొనేటప్పుడు వాట్లు చూసి మోసపోకండి. వాట్లంటే కరెంటు తినే లెక్క. వెలుగు లెక్క ల్యూమెన్లు, డబ్బా మీద రాసి ఉంటుంది. 9 వాట్ల మంచి ఎల్.ఇ.డి. బల్బు పాత 60 వాట్ల బల్బుకి తీసిపోదు. చవక బల్బులు కొన్ని పాత ట్యూబులకంటే ఎక్కువ కొట్టుకుంటాయి. మొబైలు కెమెరా తెరిచి బల్బు వైపు పెట్టండి. తెర మీద నల్ల చారలు పరుగెడితే ఆ బల్బు ఎక్కువ కొట్టుకుంటోందని అనుమానించాలి. చదువుకి, కుట్టుపనికి అది వద్దు.

ఇదంతా చేశాక మా ఆవిడకి సూది ఎక్కుతోంది. కానీ పూర్తిగా సుఖం లేదు. ఎందుకంటే వయసు ఒకటుంది కదా. అరవై ఏళ్ళ కంటి లోపలికి వెళ్ళే వెలుగు ఇరవై ఏళ్ళ కంటికి వెళ్ళేదాంట్లో మూడో వంతే అని డాక్టర్లు చెప్తారు. కంటిపాప చిన్నదవుతుంది, లోపలి కటకం పచ్చబడుతుంది. పిల్లలకి చాలిన లైటు మనకి చాలదు. "ఇంత వెలుగుంటే కనబడదేటి?" అని కోడళ్ళు అత్తల మీద విసుక్కోకండి, నిజంగానే కనబడదు.

నలభై దాటితే చత్వారం. ఇది రోగం కాదు, జుట్టు నెరిసినట్టే. దగ్గరివి చూడ్డానికి అద్దాలు కావాలి. మన ఇళ్ళల్లో ఆడవాళ్ళు అద్దాలు పెట్టుకోడానికి సిగ్గుపడతారు. అస్సాంలో తేయాకు కోసే కూలీల మీద ఒక పరీక్ష చేశారు, 2018లో ఆ ఫలితం వచ్చింది. నలభై దాటినవాళ్ళలో కొంతమందికి దగ్గరి చూపు అద్దాలు ఇచ్చారు, కొంతమందికి అప్పటికి ఇవ్వలేదు. అద్దాలు పెట్టుకున్నవాళ్ళ కోత మిగతావాళ్ళకంటే నూటికి 20 పైగా పెరిగింది. అద్దాలంటే సోకు కాదమ్మా, అది కూలి. మా ఆవిడ ఇప్పుడు పెట్టుకుంటోంది. టైలరు చీరలు తిరిగి ఇవ్వలేదు.

ఇప్పుడు రెండో సంగతి. ఇది రాయాలా వద్దా అని చాలా ఆలోచించాను. అన్నయ్యనే అడిగాను. "రాయరా, ఇంకొకడికైనా పనికొస్తుంది" అన్నాడు.

మా అన్నయ్య నాకంటే నాలుగేళ్ళు పెద్ద. మిల్లు మానేశాక సాయంత్రాలు పట్టు నేసేవాళ్ళకి కండెలు చుట్టేవాడు. వరండాలో, సందె చీకట్లో, తలొంచుకుని. నాలుగేళ్ళ కింద సాయంత్రమైతే తలనొప్పి, కనుబొమ్మ మీద బరువు అనేవాడు. పొద్దున్నకి తగ్గిపోయేది. వీధి లైటు చుట్టూ రంగుల చక్రాలు కనిపిస్తున్నాయి, ఇంద్రధనస్సులాగ ఉన్నాయి అనేవాడు. అప్పుడే మా వీధిలో కొత్త లైట్లు వేశారు. "ఈ కొత్త లైట్లు మంచివి కావురా తమ్ముడూ" అని తిట్టేవాడు. నేను ఆ మాట నమ్మాను. వరండాలో బల్బు చిన్నదని నేనే మార్చాను. 5 వాట్లది తీసి 9 పెట్టాను. మళ్ళీ బాలేదంటే 12 పెట్టాను. రెండుసార్లు స్టూలెక్కాను గానీ, ఒక్కసారి అన్నయ్య కన్ను చూపిద్దాం అనుకోలేదు.

ఒక రాత్రి కన్ను, తల పగిలిపోతున్నట్టు నొప్పి, వాంతులు. తిన్నది పడలేదనుకున్నారు వదినా వాళ్ళు. గ్యాసు మాత్ర ఇచ్చారు. కన్ను ఎర్రబడితే చుక్కల మందు కొని వేశారు. మూడో రోజుకి పెద్దాసుపత్రికి తీసుకెళ్ళాం. నీటికాసులు అన్నారు. కంటిలోపల ఊరే నీరు బయటికి పోయే దారి మూసుకుపోయి, ఒత్తిడి పెరిగి, చూపు నరం దెబ్బ తింది. కొంతమందికి పుట్టుకతోనే ఆ దారి ఇరుకు. సందె చీకట్లో కంటిపాప పెద్దదవుతుంది కదా, అప్పుడు ఆ ఇరుకు దారి ఇంకా మూసుకుంటుంది. అందుకే సాయంత్రం నొప్పి, అందుకే లైటు చుట్టూ రంగుల చక్రాలు. ముందే వచ్చుంటే లేజరుతో చిన్న రంధ్రం చేసి సరిపెట్టేవాళ్ళం అన్నారు. రెండో కంటికి అలాగే చేశారు, అది నిలిచింది. మొదటి కన్ను పోయింది. శుక్లమైతే ఆపరేషనుతో చూపు తిరిగి వస్తుంది. నీటికాసుల్లో పోయిన చూపు తిరిగి రాదు.

నేను డాక్టరుగారిని అడిగాను, "నేను పెద్ద బల్బు పెట్టడం వల్ల జరిగిందా బాబూ?" అని. ఆయన, "కాదు. బల్బు మార్చడం తప్పు కాదు, బల్బు మార్చేసి ఊరుకోవడం తప్పు" అన్నారు. అన్నయ్య నన్ను ఏమీ అనలేదు. "నీకేం తెలుసు లేరా, ఇద్దరం మిల్లులో పెరిగినవాళ్ళం" అన్నాడు. ఆ మాట వింటే నాకు ఇంకా బాధ.

కాబట్టి ఈ నెల నేను మిమ్మల్ని కోరేది ఒక చిన్న పరీక్ష. పట్టపగలు, మబ్బు లేనినాడు, అరుగు మీద కూర్చోండి. ఒక కన్ను అరచేత్తో మూసుకోండి, నొక్కకండి. రెండో కంటితో ఈ పత్రిక అక్షరాలు చూడండి, వీధి చివర బోర్డు చూడండి. చదువు రానివాళ్ళు బియ్యం గింజ చూసినా సరే. తరవాత కన్ను మార్చండి. రెండు కళ్ళూ తెరిచి చూస్తే మంచి కన్ను చెడ్డ కన్నుని కప్పేస్తుంది, ఏళ్ళ తరబడి తెలియదు. పగటి వెలుగులో కూడా ఒక కంటికి మసగ్గా ఉంటే తప్పు బల్బుది కాదు. డాక్టరు దగ్గరికి వెళ్ళాలి. పగలు బాగా ఉండి రాత్రి మటుకే ఇబ్బందయితే ముందు ఇంట్లో లైటు సరిచెయ్యండి. సరిచేశాక కూడా కనబడకపోతే అప్పుడూ డాక్టరు దగ్గరికే. పిల్లలు సందె వేళ తడుముకుంటే రేచీకటి కావచ్చు, ఆలస్యం చెయ్యకండి. లైటు చుట్టూ రంగుల చక్రాలు, కన్నులో నొప్పి, ఎర్రదనం, వాంతులు కలిసి వస్తే తెల్లారే దాకా ఆగకండి, ఆ రాత్రే వెళ్ళండి. నీటికాసుల్లో నొప్పే లేకుండా మెల్లిగా తినేసే రకం కూడా ఉంది. అందుకని నలభై దాటినవాళ్ళు బాగానే ఉన్నా ఒకసారి కంటి ఒత్తిడి చూపించుకోవాలి. మనకి ఎం.కె.సి.జి. మెడికల్ కాలేజీ ఆసుపత్రి ఉంది, అందులో కళ్ళ విభాగం ఉంది. అంధత్వ నివారణ పథకం దేశంలో 1976 నుంచి ఉంది. అడగడానికి సిగ్గుపడకండి.

పిల్లల సంగతి రెండు ముక్కలు. లైట్లార్పి దుప్పట్లో మొబైలు చూస్తారు. దాంతో కన్ను పోదు గానీ, తెర చూసేటప్పుడు రెప్ప వెయ్యడం బాగా తగ్గిపోతుంది, కన్ను ఎండుతుంది, మండుతుంది. గదిలో లైటు వేసి చూడమనండి. 20 నిమిషాలకి ఒకసారి 20 అడుగుల దూరం 20 సెకన్లు చూడమనండి. సూది పని చేసేవాళ్ళకీ ఇదే. ఇంకోటి, పిల్లల్ని రోజూ పగటి వెలుగులో ఆడనివ్వండి. రాత్రి మన గదిలో వెలుగు వంద లక్సులుంటే గొప్ప, అదే పగలు చెట్టు నీడలో వేలల్లో ఉంటుంది. ఆ వెలుగు దూరపు చూపు మందగించకుండా కాపాడుతుందని తేలింది. తైవాన్‌లో 2010 నుంచి బడిపిల్లల్ని రోజుకి రెండు గంటలు బయట ఉంచే పద్ధతి పెట్టి మంచి ఫలితం చూశారు. మనకి ఎండకి కొదవా?

సూరత్ పవర్ లూముల్లో ఉన్న మన గంజాం కుర్రాళ్ళకి ఫోను చేసినప్పుడు తిన్నావా, డబ్బు పంపావా అని అడుగుతాం. ఈసారి ఇంకో మాట అడగండి: "నీ మగ్గం మీద లైటు ఉందా నాయనా? సాయంత్రం తల నొస్తోందా?" నొస్తోందంటే మాత్ర పేరు చెప్పకండి. కన్ను చూపించుకోమనండి.

మా అన్నయ్య ఇప్పుడు కూడా కండెలు చుడతాడు, ఒక్క కన్నుతోనే. పగలు మాత్రమే, కిటికీ పక్కన. మా నాన్న మగ్గం ఉండేది అక్కడే.

వచ్చే నెల మళ్ళీ కలుద్దాం. ఈ లోపల పరీక్ష చేసి చూడండి.